నేను గీసిన తాళం

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. స్కూలు బస్సు మా సొసైటీ వెనక గేటు ముందు ఆగింది. డ్రైవరు తలుపు తీస్తున్నాడు. గేటు దగ్గర ఉండే గార్డు భయ్యా నా వైపు రెండడుగులు వేసి, కొరియర్ వచ్చిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మేడమ్, ఆప్‌కే చాచాజీ ఆయే థే. బేబీ కా పంప్ లేకర్."

మా చిన్నాన్న వచ్చాడట. పాప ఆయాసం పంపు తీసుకుని వచ్చాడట. నాకు ఢిల్లీలో గానీ చుట్టుపక్కల గానీ చిన్నాన్న అనే మనిషి లేడు. ఆ మాట నా బుర్రకి ఎక్కే లోపల మా అమ్మాయి బస్సు మెట్లు దిగింది. నేను తన మణికట్టు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో, "మమ్మా, దర్ద్ హో రహా హై" అని నొప్పికి చేయి లాక్కుంది.

"ఎప్పుడొచ్చాడు?" అని భయ్యాని హిందీలోనే అడిగాను.

పది నిమిషాలైందన్నాడు. "పాప పొద్దున పంపు మర్చిపోయిందని చెప్పాడు. బస్సు ఇవాళ ఇటే వస్తుంది కదా అన్నాడు. ఉండండి, ఇంటర్‌కామ్‌లో ఫ్లాట్‌కి ఫోన్ చేస్తానన్నాను. ఠీక్ హై, అభీ ఆతా హూ, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు."

"తిరిగి వచ్చాడా?"

"నహీ మేడమ్."

"ఎలా ఉన్నాడు?"

భయ్యా ఆలోచించాడు. "జాకెట్. మాస్క్." అంతకంటే చెప్పడానికి ఏమీ దొరకలేదు అతనికి. నవంబరులో, ఢిల్లీ పక్కనున్న మా ఇందిరాపురంలో రోడ్డు మీద కనబడే మగవాళ్ళలో సగం మంది జాకెట్టూ మాస్కూ వేసుకునే ఉంటారు. గాలి అలా ఉంటుంది.

ఆ గాలికే మా అమ్మాయికి ఆయాసం. ఏడేళ్ళది. చలికాలమంతా తన బ్యాగు పక్క జేబులో నోట్లోకి కొట్టుకునే నీలం రంగు పంపు, అంటే ఇన్‌హేలర్, ఉండాలి. ఆ రోజు పొద్దున అది డైనింగ్ టేబుల్ మీదే ఉండిపోయింది. మామూలుగా బస్సు ముందు గేటుకి వస్తుంది. ముందు రోడ్డు పైపుల కోసం తవ్వారు కాబట్టి ఆ ఒక్కరోజుకీ మధ్యాహ్నం బస్సు వెనక గేటుకి వస్తుందని స్కూలు నుంచి పొద్దునే మెసేజ్ వచ్చింది. ఈ రెండు సంగతులూ కలిపి తెలిసినవాళ్ళు ఎవరు? లిఫ్టులో పైకి వెళ్తూ నేను లెక్కపెట్టుకున్నది అదే. నేను, మా ఆయన, ఇంకా పదకొండు మంది తల్లులు.

ఎందుకంటే పొద్దున ఏడూ నలభైకి మా తల్లుల గ్రూపులో నేనే రాశాను. "ఇవాళ బస్సు వెనక గేటుకి. మా బుజ్జులు నీలం పంపు మర్చిపోయింది. స్కూలు వైపు ఎవరైనా వెళ్తున్నారా?" అని. రాసి, కింద తాళం గుర్తు నొక్కి పంపాను. తాళం గుర్తు నొక్కితే మా పన్నెండు మందికే కనబడుతుంది. ఆ ఏర్పాటు చేసింది నేనే.

ఆ పన్నెండు మందిమి ఎవరిమో చెప్పాలి. మా సొసైటీలోనూ పక్క రెండు సొసైటీల్లోనూ ఉండే తెలుగు తల్లులం. ఎవరి భర్తో సాఫ్ట్‌వేరు, ఎవరి భర్తో సైన్యం, ఒకావిడ తనే బ్యాంకు ఆఫీసరు. మొదట్లో మాకు ఒక పెద్ద కంపెనీ సోషల్ మీడియాలో గ్రూపు ఉండేది. ఏ పిల్లల డాక్టరు ఆదివారం చూస్తారు, గోంగూర ఏ బండి దగ్గర దొరుకుతుంది, పనిమనిషి దీదీ సెలవు పెడితే ఏం చేయాలి, అన్నీ అందులోనే. ఒక రోజు ఆ కంపెనీవాళ్ళు ఏవో నియమాలు మార్చారు, గ్రూపు మూతపడింది. మూడేళ్ళ కబుర్లు పోయాయి. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

అప్పుడు నా చిన్నవాడికి ఏడాది. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. వాడు నిద్రపోయే గంటన్నరలో ఓపెన్ సోషల్ వెబ్ గురించి చదవడం మొదలుపెట్టాను. దాన్ని నడిపే ప్రోటోకాల్ అంటే పెద్ద విషయమేమీ కాదు, ఈ-మెయిల్ లాంటి ఏర్పాటు. ఎవరి డబ్బా వాళ్ళది. ఏ డబ్బా నుంచి ఏ డబ్బాకైనా ఉత్తరం వెళ్తుంది. మనం రాసినది ఒక కంపెనీ గోదాములో కాకుండా మన దగ్గరే ఉంటుంది. దాన్ని చూపించే స్క్రీను ఎవరైనా తయారుచేసుకోవచ్చు. ఒక స్క్రీను నచ్చకపోతే ఇంకో స్క్రీనుకి మారినా మన మాటలు ఎక్కడికీ పోవు. చదువుతుంటే నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. కాకినాడలో హాస్టల్ పక్కన ఇంటర్నెట్ సెంటర్‌లో, ఏ పేజీ నచ్చినా దాని సోర్సు, అంటే దాన్ని కట్టిన కోడు తెరిచి, ఆ హెచ్‌టీఎంఎల్ నా నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్ని. ఎవరూ వద్దనేవారు కాదు. అంతా తెరిచే ఉండేది. ఆ తెరిచి ఉండడమే మళ్ళీ వచ్చిందనుకున్నాను. చిన్న సర్వరు ఒకటి అద్దెకి తీసుకుని, పన్నెండు ఖాతాలు తెరిచి, రెండు నెలల మధ్యాహ్నాలు కూర్చుని స్క్రీను తయారుచేశాను. తెలుగు అక్షరాలు పెద్దవిగా, బటన్లు బొటనవేలికి అందేలా, పిల్లని చంకనెత్తుకుని కూడా వాడగలిగేలా.

మా వాళ్ళు మురిసిపోయారు. వారం తిరగకుండానే ఒకావిడ అడిగింది. "అంతా బాగుంది గానీ మా అత్తగారి సంగతులు రాయాలంటే భయంగా ఉందండీ. మనవాళ్ళకి మాత్రమే కనబడేలా పెట్టలేరా?"

"రెండు రోజుల పని" అన్నాను.

రెండు రోజులు కూడా పట్టలేదు. తాళం బొమ్మ ఒకటి గీశాను, గుండ్రటి మూలలతో, పసుపు రంగులో. దాన్ని నొక్కి పంపిన పోస్టుకి "మనవాళ్ళకే" అని ఒక గుర్తు అంటుకుంటుంది. ఖాతా లేనివాళ్ళు మా పేజీ తెరిస్తే ఆ గుర్తున్న పోస్టులు స్క్రీను మీదకి రావు. మా ఆయన ఫోన్‌లో తెరిచి చూశాను. ఏమీ కనబడలేదు. "నిశ్చింతగా రాసుకోండి, బయటివాళ్ళకి కనబడవు" అని అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ మధ్యాహ్నం మాత్రం నాకు తాళం మీద అనుమానం రాలేదు. మనుషుల మీద వచ్చింది.

పొద్దున నా పోస్టుకి జవాబిచ్చింది తొమ్మిదో అంతస్తు అక్క. కరీంనగర్ మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. "నేను పోతున్న అటు, ఇయ్యి" అని తొమ్మిదింటికి వచ్చి పంపు తీసుకెళ్ళింది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చాక నేను పిల్లలిద్దరికీ అన్నం పెట్టి, తలుపుకి రెండు గడియలూ వేసి, కిటికీ లోంచి వెనక గేటు వైపు నాలుగుసార్లు చూసి, ఉండబట్టలేక పిల్లల్ని తీసుకునే తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాను. చిన్నవాడు నిద్రమొహంతో భుజం మీద ఉన్నాడు.

అక్క తలుపు తీసి నా మొహం చూసింది. "ఏందే, గట్లున్నవ్? పాపకు ఆయాసమొచ్చిందా?"

"అక్కా, పొద్దున పంపు సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎవలకు జెప్త? స్కూల్ల మేడమ్‌కిచ్చిన, వచ్చిన."

"దారిలో ఎవరైనా? డ్రైవరు? బస్సు వెనక గేటుకి వస్తుందని ఎవరితోనైనా అన్నారా? గుర్తు చేసుకోండి."

"అన్లే."

"అన్నయ్య గారు ఎవరితోనైనా..."

అక్క చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "ఆగు. ఏమడుగుతున్నవ్ నన్ను? సక్కగ అడుగు."

చెప్పాను. చాచాజీ, పంపు, మాస్క్, అన్నీ. పిల్లల ముందు చెప్పకూడదనుకుని కూడా చెప్పేశాను. మా అమ్మాయి సోఫా అంచున కూర్చుని వింటోంది.

అక్క వెళ్ళి స్టవ్ ఆపేసి వచ్చింది. ఆ తర్వాత, కోపంగా కాదు, నెమ్మదిగా అంది. "నేను ఒకామెను, పంపు తీస్కపోయి ఇచ్చొచ్చిన, నన్నే అడుగవడ్తివి. సరే. తల్లివి, భయమున్నది, అడుగుతవ్. కని పొద్దుగాల నువ్వు రాసింది మా చెల్లె గూడ చూసింది గదా. దానికెట్ల తెల్సు మరి?"

"మీ చెల్లెలా?"

"ఢిల్లీల లక్ష్మీ నగర్ల పీజీ హాస్టల్ల ఉంటది, కోచింగుకు. పదింటికి ఫోన్ జేసి అడిగింది, అక్కా, మీ దోస్తు బిడ్డకు పంపు ముట్టిందా అని. ముట్టిందన్న."

"మీరు చెప్పకుండా తనకెలా తెలుసు?"

"గదే నేనంటున్నది. దాని ఫోన్ల ఇంకేదో యాపున్నది. అండ్ల మన పోస్టులన్నీ కనబడ్తయంట. నెల కిందనే జెప్పింది. నీకు తెల్వదా? నువ్వే గద జేసినవ్ ఇదంత. నీకు తెల్సనుకున్న."

నేను కూర్చున్నాను. అక్క చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆ అమ్మాయి గొంతు సరదాగా ఉంది. ఇదో మంచి యాప్ అక్కా, ఓపెన్ నెట్‌వర్క్‌లో ఎవరు ఎక్కడ ఏం రాసినా ఒక్కచోట చేర్చి చూపిస్తుంది, పేరు పెట్టి వెతకక్కర్లేదు, ఊరు పెడితే చాలు అంది. ఇందిరాపురం అని కొడితే మీవే ముందు వస్తాయి, తెలుగులో ఉంటాయి కదా, నాకు ఇక్కడ ఇంటి మీద బెంగపడ్డప్పుడు చదువుకుంటాను అంది. కింద ఇంగ్లీషు, హిందీ అనువాదం కూడా అదే ఇస్తుంది అంది. అంతా చెప్పాక, "ఏమైందక్కా?" అంది.

ఫొటోలు పంపమన్నాను. పంపింది. మొదటి ఫొటోలో పొద్దున నేను రాసిన పోస్టు. కింద చక్కటి హిందీలో అనువాదం. పక్కన మా ప్రాంతం మ్యాపు, దాని మీద ఎర్ర చుక్క. తాళం గుర్తు లేదు. ఎందుకుంటుంది? తాళం బొమ్మ నా స్క్రీనులో మాత్రమే ఉంది.

ఇందులో నా తప్పు ఎలాంటిదో రాయాలి. ఇది తెలియనివాళ్ళు చేసే తప్పు కాదు. పదేళ్ళు ఒకే పని చేసినవాళ్ళు చేసేది.

నేను ఫ్రంటెండ్ డెవలపర్ని. అంటే మనిషి కంటికి కనబడే భాగం చేసేదాన్ని. నేను మొదలుపెట్టినప్పుడు పేజీలని గళ్ళ పట్టికలతో కట్టేవాళ్ళం. ఆ తర్వాత పట్టికలు తప్పన్నారు, పేజీ రూపురేఖలు విడిగా రాసే సీఎస్‌ఎస్ వచ్చింది. కొన్నాళ్ళకి సర్వరు నుంచి ఖాళీ పేజీ పంపి, మొత్తం బొమ్మ బ్రౌజరులోనే జావాస్క్రిప్టుతో గీయమన్నారు. రెండేళ్ళకోసారి నేర్చుకున్నది పాతబడేది. పెద్దదాని ప్రసవం సెలవు నుంచి తిరిగి వెళ్ళేసరికి టీములో అందరూ కొత్త భాషలో మాట్లాడుకుంటున్నారు. చిన్నవాడు పుట్టేనాటికి, మళ్ళీ సర్వరు నుంచే పేజీ వండి పంపడం మంచిదంటున్నారు. ఇన్ని మారినా నా పని మాత్రం ఒకటే, ఎవరికి ఏది కనబడాలో, ఏది కనబడకూడదో చూడడం. మేనేజరుకి ఈ బటన్ చూపించు, గుమాస్తాకి దాచు. దాచడం ఒక్క వాక్యం పని. తాళం బొమ్మ మేము వేసేవాళ్ళం. అసలు తాళం వెనకాల సర్వరు టీము వాళ్ళు వేసేవారు. వాళ్ళు ప్రతిసారీ వేశారు. నేను ఒక్కసారి కూడా వెళ్ళి లాగి చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

మా తల్లుల స్క్రీను చేసినప్పుడు వెనకాల ఎవరూ లేరు. నేను అలవాటు ప్రకారం బొమ్మ వేసి, పని అయిపోయిందనుకున్నాను.

తెలియదని కూడా అనలేను. ఈ నెట్‌వర్క్‌లో రాసిన ప్రతిదీ బహిరంగమే అని ఆ ప్రోటోకాల్ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. చదివాను. ఆ సాయంత్రం నా కోడు తెరిచి చూస్తే, తాళం రాసిన చోట నా చేత్తో నేను పెట్టుకున్న గుర్తు కూడా ఉంది: "ఇది పైపై దాచడమే, తర్వాత సరిగ్గా చూడాలి." తర్వాత చిన్నవాడికి జ్వరం వచ్చి ఉంటుంది. లేదా అతిథులు వచ్చి ఉంటారు. నాలుగేళ్ళు నిండుతున్నాయి వాడికి.

అక్క ఇంట్లోనే కూర్చుని ఆ అమ్మాయి పంపిన ఫొటోలన్నీ చూశాను. మా అమ్మాయి యూనిఫాంలో, మెడలో గుర్తింపు కార్డుతో. పన్ను ఊడిన రోజు. క్లాసు టీచరు పేరు. శనివారం డ్రాయింగ్ క్లాసు ఏ టవరులో, ఎన్నింటికి. కుక్కలంటే ఇష్టం, ఏ కుక్కని చూసినా వెంట పోతుంది అని నవ్వుతూ రాసిన వాక్యం. అన్నీ నేనే రాశాను. ఏ ఒక్కటీ ప్రమాదమని ఎవరూ అనరు. వరసగా పేర్చి, ఊరి పేరు కింద పెట్టి, ఇంకో భాషలోకి మార్చి చూపిస్తే మాత్రం నా బిడ్డని గేటు దగ్గర పేరు పెట్టి పిలవడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

"తీసెయ్యరాదు?" అంది అక్క.

"తీసేస్తాను. కానీ అక్కా, నేను తీసేస్తే ఆ తీసేశానన్న కబురు మాత్రమే వెళ్తుంది. కాపీ పెట్టుకున్నవాళ్ళు దాన్ని చూసి వాళ్ళూ తీసేయాలి. మంచివాళ్ళు తీసేస్తారు."

"కానోళ్ళు?"

నేను లాప్‌టాప్ కోసం మా ఫ్లాట్‌కి వెళ్ళాను.

తెచ్చుకుని అక్క ఇంట్లోనే కూర్చుని నా పోస్టులన్నీ తుడిచాను. అక్క చెల్లెలు అటు నుంచి చూసి చెబుతోంది. "పోయాయి. ఇదీ పోయింది. ఫొటోలు కూడా పోయాయి." నా భుజాలు కాస్త దిగాయి. పది నిమిషాల తర్వాత తనే మళ్ళీ ఫోన్ చేసింది. ఇప్పుడు సరదా లేదు గొంతులో. "అక్కా, నా ఫ్రెండు ఇంకో యాపు వాడుతుంది. దాంట్లో ఇంకా ఉన్నాయి." ఆ రెండో యాపు ఎవరు నడుపుతున్నారో పేజీలో ఎక్కడా లేదు. మెయిల్ చేయడానికి ఒక చిరునామా ఉంది. మెయిల్ పెట్టాను. ఇవాళ్టికీ జవాబు లేదు.

మా ఆయన ఆఫీసు గుర్గావ్‌లో. ఫోన్‌లో విషయం విని, బయలుదేరుతున్నానన్నాడు. "నువ్వు మాత్రం ఆ గ్రూపులో తప్పు నీదని చెప్పకు. సర్వరు హ్యాక్ అయిందని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"తెలియదు. అందుకే."

"అందుకే అంటే?"

"హ్యాక్ అంటే పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకుంటారు. ఎవరి పిల్లల సంగతులు బయట తిరుగుతున్నాయో వాళ్ళకి తెలియదు. రేపు ఇంకెవరి గేటు దగ్గరికో వస్తాడు."

"వాళ్ళు నీతో మాట్లాడరు మళ్ళీ" అన్నాడు.

ఆ మాట నిజమేనని నాకు తెలుసు. ఈ ఊళ్ళో నాకున్నవాళ్ళు ఆ పదకొండు మందే.

ఆరింటికి కింద క్లబ్బు గదికి అందరినీ రమ్మన్నాను. తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు ఆఫీసుల నుంచి ఫోన్‌లో విన్నారు. ఎవరో పుట్టినరోజుకి కట్టిన బెలూన్లు సగం గాలిపోయి గోడకి ఇంకా వేలాడుతున్నాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. నేను నిలబడే చెప్పాను. మొదట గేటు సంగతి, తర్వాత తాళం సంగతి. తాళం నొక్కి మీరు రాసినవన్నీ మొదటి రోజు నుంచీ ఎవరైనా చదివే వీలుందని, అది ఇంకెవరి తప్పూ కాదు, నా తప్పని చెప్పాను.

"అన్నీనా?" అంది వాళ్ళత్తగారి సంగతులు రాయడానికి తాళం అడిగినావిడ.

"అన్నీ."

"మా అత్తగారు చదివుంటారంటారా?" అంది. ఇద్దరు నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయి ఆపుకుంది.

మూలగా కూర్చున్న శ్రీకాకుళం అమ్మాయి నవ్వలేదు. వాళ్ళాయన సైన్యంలో. కంటోన్మెంట్‌లో క్వార్టరు దొరక్క ఇక్కడ అద్దెకుంటున్నారు. "నేను రాసేనండీ" అంది నెమ్మదిగా. "ఆయన ఏ రోజు బయలుదేరతారో రాసేను. ఎక్కడికో కూడా రాసేను. నెల్లాళ్ళు నేనూ బాబూ ఒక్కళ్ళమే ఉంటాం, రాత్రిళ్ళు భయమేస్తోంది అని కూడా రాసేను. మీరు ఎవరికీ కనబడదన్నారు కదా. అందుకే రాసేను."

ఆ అమ్మాయి ఫోన్ తీసి, తన పాత పోస్టులు పైనుంచి కిందకి చూసుకుంటోంది. వేలు కదులుతోంది, మొహంలో ఏమీ కదలడం లేదు.

"ఇదేటండీ ఇలా చేసేరు?" అంది చివరికి. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

బ్యాంకు ఆవిడ తిట్టింది. "మీకు చేతకాకపోతే చేతకాదని చెప్పాల్సింది. మాకు ఆ పెద్ద కంపెనీ యాపే నయం. కనీసం తాళం అంటే తాళం." అది నిజమో కాదో వాదించే హక్కు నాకు లేదనిపించింది. అందరి పోస్టులూ అక్కడికక్కడే తుడిచాను. ఒక్కొక్కరూ నా పక్కన కుర్చీలో వచ్చి కూర్చుని, తమ పిల్లల పుట్టినరోజులు, జ్వరాలు, మొదటి అడుగులు చెరిగిపోతుంటే చూసి లేచి వెళ్ళారు. సర్వరు ఆపేశాను. తొమ్మిదో అంతస్తు అక్క మాత్రం చివరిదాకా ఉండి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చింది.

మా ఆయన వచ్చాక పోలీసు చౌకీకి వెళ్ళాం. అక్కడ డ్యూటీలో ఉన్న ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. అంతా విని, "కుఛ్ హువా తో నహీ నా?" అని అడిగాడు. ఏమీ జరగలేదు కదా అని. జరగలేదని ఒప్పుకున్నాం. కాగితం మీద రాసుకున్నాడు. గేటు కెమెరా వాహనాల నెంబర్ల కోసం కిందకి తిప్పి ఉంది. అందులో ఒక మనిషి నడుము నుంచి పాదాల దాకా కనబడతాడు. కుడిచేతిలో మందుల షాపు కవరు. తొందరేమీ లేకుండా నడిచి వచ్చి, తొందరేమీ లేకుండా వెళ్ళిపోతాడు. ఆ నడకని నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు ఇది కాగితం మీద పెన్నుతో రాస్తూ కూడా, పిల్లలు పక్క గదిలో నిద్రపోతుంటే, ఆ నడక ఎవరిదైనా కావచ్చన్న ఆలోచన వస్తుంది. రోజూ లిఫ్టులో నమస్తే చెప్పే మనిషిది కూడా.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పెద్దదానికి జడ వేస్తూ చెబుదామనుకున్నాను గానీ, మొహం చూడకుండా చెప్పే మాట కాదని ఆగాను. చిన్నవాడు పాలగ్లాసు పట్టుకుని ఊగుతున్నాడు.

"ఎవరైనా వచ్చి మీ పేరు పెట్టి పిలవచ్చు" అన్నాను. "బుజ్జులూ అని కూడా పిలవచ్చు. మీ టీచరు పేరు చెప్పొచ్చు, మీకేం ఇష్టమో చెప్పొచ్చు. అమ్మే పంపిందని చెప్పొచ్చు. అవన్నీ నిజాలే అయినా వాళ్ళతో వెళ్ళకూడదు. ఏమిచ్చినా తీసుకోకూడదు."

"డాగీ ఇచ్చినా?" అన్నాడు చిన్నవాడు.

"ఇచ్చినా."

పెద్దది ఆలోచిస్తోంది. "తో ఫిర్ కిస్‌కే సాథ్ జానా హై?" అంది. మరి ఎవరితో వెళ్ళాలి అని.

"నాతో, నాన్నతో. మేమిద్దరం రాలేకపోతే తొమ్మిదో అంతస్తు ఆంటీతో."

"ఆంటీకి కూడా మా గురించి అంతా తెలుసు కదా."

"తెలుసు. కానీ ఆంటీ నీకు తెలుసు. ఆంటీ మొహం నీకు తెలుసు, ఆంటీ ఇల్లు తెలుసు, ఆంటీ కోప్పడితే ఎలా ఉంటుందో తెలుసు. నీ గురించి ఎవరికి ఎంత తెలుసనేది చూడకు. వాళ్ళ గురించి నీకెంత తెలుసో చూడు."

"మమ్మా, ఆ అంకుల్‌కి నా గురించి ఎవరు చెప్పారు?"

దీనికి ఏదో ఒకటి చెప్పి బస్సుకి పంపించవచ్చు. టైం కూడా అవుతోంది.

"నేనే చెప్పాను" అన్నాను. "నీ గురించి రాయడం నాకు ఇష్టం కాబట్టి అన్నీ రాశాను. అది చాలామంది దగ్గరికి వెళ్ళింది. ఎంతమందో నాకు తెలియదు. వాళ్ళందరి దగ్గర్నుంచీ వెనక్కి తెచ్చుకోవడం నాకు చేతకావడం లేదు. అందుకే ఇవాళ్టి నుంచి నువ్వు బస్సు దిగే ముందు మెట్టు మీదే ఆగి, నన్ను చూసి, నేను కనబడ్డాకే దిగాలి. నేను కనబడకపోతే బస్సులోనే కూర్చో. ఎవరు పిలిచినా సరే, బస్సు ఎంతదూరం తీసుకెళ్ళినా సరే. నేను వచ్చి తీసుకుంటాను."